నారు తేలిన పాట

రామకోటేశ్వరరావు గారు ఆ పాటలో ఒక్క మాటను కూడా తప్పు పట్టలేదు. జీవరత్నానికి మింగుడు పడనిది అదే.

పోయిన వారం ఆమెను గవర్నర్‌పేటలో బాలశౌరి మైకు సెట్ల కొట్టు ముందు, చేతిలో టీ చల్లారిపోతుంటే నిలబెట్టి వదిలేశాం. ఆ టీ ఆమె తాగనే లేదు. యువజన సంగీత పోటీల మొదటి విడతలో జీవరత్నం గొంతు, జాన్‌బాబు గిటారు, అంతోని డ్రమ్ము కలిసి ఊరి హాలుని అదరగొట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గిటారు తీగను బాలశౌరి దగ్గరి మైకు సెట్టుకి తగిలించి, పెళ్ళిళ్ళకు చెట్లకు కట్టే గొట్టాల్లోంచి వదిలితే ఆ చప్పుడు రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంది. పాట మొదలై ముగిసేసరికి ఒక బీడీ కూడా కాలదు. కుర్రాళ్ళు కుర్చీలెక్కి ఈలలు వేశారు. మొదటి వరసలో కూర్చున్న రామకోటేశ్వరరావు గారు మాత్రం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. పోటీలకు ఖర్చంతా పెట్టుకున్న పెద్దమనిషి ఆయన. హనుమాన్ జంక్షన్ అవతల ఆయనకు పొలాలూ రైసు మిల్లూ ఉన్నాయి.

మర్నాడు మనిషి చేత కబురు పంపించారు. ఆదివారం ఆఖరి పోటీలో ఆ పాటే పాడండి, మాటలు మార్చక్కర్లేదు, వేగం మాత్రం సగానికి తగ్గించండి, పక్కన హార్మోనియం పెట్టుకోండి, మొదటి బహుమతీ రేడియోలో పాడే అవకాశమూ మీవే అన్నారు. ఆ వేగంతోనే పాడతామంటే మాత్రం స్టేజీ మెట్లు కూడా ఎక్కనివ్వరట.

"గట్టు మీద గొడుగు వాడా అని తిడితే కోపం రాలేదంట. గబగబా తిడితే వచ్చిందంట. ఇదేం మనిషి!" అని జాన్‌బాబు తల పట్టుకున్నాడు.

"ఆయనకి ఆ పాట ముందే తెలుసు" అంది జీవరత్నం.

"ఎట్టా తెలుస్తది? అది మీ అమ్మ పాటగా."

"అందుకే అమ్మని అడగాలి."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. హనుమాన్ జంక్షన్‌లో దిగి, కాలవ గట్టు పట్టుకుని నడుస్తుంటే రాత్రి కురిసిన వాన ఇంకా తాటాకుల మీంచి బొట్లు బొట్లుగా రాలుతోంది. ఊడుపుల రోజులు. ఎటు చూసినా దమ్ము చేసిన మళ్ళు, వాటిలో ఒంగిన నడుములు. కాలవ నీళ్ళు వచ్చిన ఉత్సాహం ఊళ్ళ మీదంతా కనబడుతోంది. జీవరత్నం కాళ్ళకు ఈ గట్లు కొత్త కాదు. రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన జాన్‌బాబుకు మాత్రం ప్రతి అడుగూ ఒక సర్కసే. వెడల్పాటి బెల్‌బాటమ్ ప్యాంటు మోకాళ్ళ దాకా బురద తాగి, ఒక్కో కాలు ఒక్కో తడిసిన దుప్పటిలా వేలాడుతోంది.

జీవరత్నం తల్లి సంపూర్ణమ్మ ముఠా బసవయ్య గారి మడిలో ఉంది. వరసగా పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. అందరికంటే ముందు చూసింది తెరేసమ్మ.

"ఏమే జీవా, వస్తే వచ్చావు గానీ, ఆ పిల్లోడికి లంగా కట్టి తెచ్చావేంటే?"

వరసంతా ఒక్కసారి గొల్లుమంది. జాన్‌బాబు సిగ్గుతో కాలు జారి పక్క మడిలో కూర్చున్నాడు. దాంతో రెండోసారి గొల్లుమంది.

సంపూర్ణమ్మ నవ్వలేదు, నడుం ఎత్తలేదు. కూతుర్ని ఓరగా చూసి, "ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"బాగానే ఉందమ్మా. నీతో మాట్లాడాలి."

"మాట్లాడు. ఒంగి మాట్లాడు. గట్టు మీద నించుని మాట్లాడితే నాకు ఆసామి మాట్లాడినట్టే ఉంటది."

జీవరత్నం చెప్పులు గట్టు మీద వదిలి, చీర దోపుకుని మడిలోకి దిగింది. బురద కాలివేళ్ళ మధ్యకు చల్లగా ఎక్కింది. తల్లి పక్కన ఖాళీలో దూరి, నారు కట్ట విప్పింది. మొదట్లో చెయ్యి తడబడింది గానీ కాసేపటికి వేళ్ళకు పని దానంతటదే గుర్తొచ్చింది. రెండు మూడు మొక్కలు తీసి, బొటనవేలితో వేరు దగ్గర నొక్కి, కణుపు మునిగేదాకా బురదలోకి దించాలి. జాన్‌బాబుని నారు కట్టలు అందించే పనికి పెట్టారు. లంగా అబ్బాయ్ ఇటు, లంగా అబ్బాయ్ అటు అని పిలుస్తుంటే పరిగెడుతున్నాడు.

"టౌన్లో పాటలు పాడతన్నావంటగా" అంది తెరేసమ్మ. "అరుపులంట. మా చెల్లెలి కొడుకు విన్నాడంట. చెవులు రెండ్రోజులు గుయ్యిమన్నాయంట."

"అరుపులే పిన్నీ. జాన్‌బాబు వాళ్ళ మేనమామ ఓడలో పని చేస్తాడు. లండన్ నించి కేసెట్టు తెచ్చాడు. అక్కడ మనలాంటోళ్ళ పిల్లలే, పాట నేర్చుకోకుండానే స్టేజీ ఎక్కేస్తారు. పంకు పాటలంటారు. అందులోనూ ఇది ముదురు రకం. తాళం పరుగు, మాట అరుపు. ఊపిరి తీసుకునే లోపు పాట అయిపోద్ది."

"అంత అరిచే కష్టం వాళ్ళకేం వచ్చింది? దొరలేగా?"

"దొరల్లోనూ కూలోళ్ళుంటారు పిన్నీ. ఒక పాట ఉంది, ఒకటే మాట, 'మెట్లు మెట్లు మెట్లు' అని అరుస్తారు. మాకు మొదట అర్థం కాలా. మేనమామ చెప్పాడు. పది అంతస్తుల మేడలో పేదోళ్ళని పెట్టారంట. పైకెళ్ళే లిఫ్టు చెడిపోతే ఏడాదైనా బాగు చెయ్యలేదంట. ఆ పాట పాడే కుర్రాడి అమ్మమ్మ నీళ్ళ బకెట్టుతో మెట్లెక్కుతా సగంలో కూలబడి పోయింది. దాని మీద పాట అది."

తెరేసమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అయ్యో తల్లీ!" అంది.

"ఇంకోటి చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో ఆడపిల్లలది. మిషను ఎంత జోరుగా తిరిగితే అంత జోరుగా చెయ్యాలి. సూపర్‌వైజరు మీట తిప్పేసి పోతాడు. ఆ మిషను చప్పుడు ఎంత వేగమో పాట అంత వేగం. మాటల్లో ఏమీ ఉండదు. చేప, డబ్బా, మూత, చేప, డబ్బా, మూత. అంతే. ఆ అమ్మాయి కోపమంతా ఆ పరుగులోనే ఉంది."

"మరి మన మీద ఎందుకు లేదే పాట?" అని ఎవరో వరస చివర నుంచి అరిచారు.

"ఉందిగా! అదే నేను పాడింది. అమ్మ పాటే."

సంపూర్ణమ్మ తల తిప్పింది.

"ఏ పాట?"

జీవరత్నం నడుం వంచిన చోటే, చేతులు ఆపకుండా, గవర్నర్‌పేట హాల్లో పాడిన వేగంతోనే అందుకుంది.

"ముంచు ముంచు వేలు ముంచు, ఒంచు ఒంచు నడుం ఒంచు, గట్టు మీద గొడుగు వాడా, గంట కొట్టు గంట కొట్టు!"

మొదటి చుట్టు తిరిగేసరికి వరసలో చేతులన్నీ ఆగిపోయాయి. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. సంపూర్ణమ్మ మెల్లగా నడుం ఎత్తి నిలబడింది. చేతిలోని నారు నుంచి బురద నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరి ముందు పాడావే ఇది?"

"పోటీలో. హాలంతా ఉన్నారు. రామకోటేశ్వరరావు గారు కూడా…"

"నా పాటని చెప్పావా?"

చర్చిలో పాట పాడబోయే వాళ్ళు ముందు సాక్ష్యం చెప్పడం జీవరత్నానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ పాట ఎట్లా పుట్టింది, ఏ కష్టంలో పుట్టింది, ఎవరు పాడేవారు అని రెండు మాటలు చెప్పకుండా పాట ఎత్తుకోవడం ఆమెకు చేతకాదు. పోటీలో మిగతా వాళ్ళు ఊరికే పాడి దిగిపోయారు. తనను కూడా ఎవరూ అడగలేదు. అయినా మైకు ముందు నిలబడగానే చేతులు కట్టుకుని, నిండు సభలో, ఇది మా అమ్మ సంపూర్ణమ్మ పాట, ఫలానా ఊళ్ళో ఊడుపుల్లో ఆమె ఎత్తుకునేది అని చక్కగా చెప్పింది.

"చెప్పానమ్మా. సాక్ష్యం చెప్పినట్టు."

"ఎంత పని చేశావే!" అంది తెరేసమ్మ రొమ్ము మీద చెయ్యి వేసుకుని. "ఇన్నేళ్ళూ ఆ పేరు ఎవరి నోటా రాకుండా కాసుకొచ్చామే! పోలీసోడు అడిగినా చెప్పలేదే!"

"ఏం పేరు? ఎవరు అడిగారు? నాకెవరైనా చెప్తే కదా తెలిసేది!" జీవరత్నం గొంతు పైకి లేచింది. "అమ్మా, ఆ పాటలో ఏముంది? మాటల్లో ఏమీ లేదు. ఆయనకి వేగం ఒక్కటే పడలేదు. ఎందుకు?"

సంపూర్ణమ్మ పెదవి ఒక పక్కకు సాగింది. తన తల్లి మొహంలో అలాంటి దొంగనవ్వు జీవరత్నం ఎప్పుడూ చూడలేదు.

"వేగంలోనే ఉందే అంతా" అంది. "ఇటు చూడు."

నారు పిడికిలి పట్టి ఒంగింది. మామూలు వేగంతో పాడుతూ నాటింది. మొక్క నిటారుగా నిలబడింది. కాస్త పెంచింది. మొక్క నిలబడింది గానీ వాలింది. మళ్ళీ పెంచింది. ఇప్పుడు వేళ్ళు బురదలోకి పూర్తిగా దిగడం లేదు. పాట తరుముతుంటే చెయ్యి పైపైన మొక్కను అంటించి తర్వాతి దానికి పోతోంది. చూసేవాడికి మడి పచ్చగా, వరసలు తీర్చి ముచ్చటగా ఉంది. సంపూర్ణమ్మ దోసిలితో నీళ్ళు తీసి ఆ ఆఖరి వరస మీద మెల్లగా వదిలింది.

మొక్కలన్నీ లేచి తేలాయి.

గట్టు మీద జాన్‌బాబు "ఓర్నాయనో" అన్నాడు.

"అప్పుడు నీకు మూడేళ్ళో నాలుగేళ్ళో" అంది సంపూర్ణమ్మ. "పెద్దాయన వెంకటప్పయ్య గారి కాలం. ఆయన కొడుకు, ఈ కోటేశ్వరరావు బాబు, చదువు అయిపోయి కొత్తగా వచ్చాడు. ఆ మడి ఊడుపు ఆ బాబు మీద పెట్టాడు పెద్దాయన. ఎందుకో తెల్దు, ఆ రోజు మజ్జానం లోపల మడంతా పచ్చగా కనబడాలన్నారు. ముప్ఫై నలభై మందిమి దిగాం. గంజికి లేవనివ్వలా. పిల్లలకి పాలివ్వటానికి గట్టెక్కనివ్వలా."

"బాబు గొడుగేసుకుని గట్టు మీద నించున్నాడు" అని తెరేసమ్మ అందుకుంది. "ఇంకా తొందరగా, ఇంకా తొందరగా అని అదే మాట. పాట పెంచండి, పాట పెంచితే చెయ్యి పెరుగుద్ది అన్నాడు. చదువుకున్నోడుగా, కనిపెట్టాడు!"

"పెంచమన్నారుగా, పెంచాం" అంది సంపూర్ణమ్మ. "ఎంత పెంచామంటే చేతులు కనబడలా. మజ్జానం కాకముందే మడంతా అయిపోయింది. బాబు సంతోషం చూడాలి! ఊళ్ళో ఆసాముల్ని పిలుచుకొచ్చి చూపించాడు. మాకు జీళ్ళు పంచాడు. సాయంత్రం తూము ఎత్తి మడికి నీళ్ళు పెట్టారు."

"తెల్లారేసరికి మడి బోసి!" తెరేసమ్మకు నవ్వు ఆగలేదు. "నారంతా తేలి, గాలికి కొట్టుకుపోయి, ఒక మూల గట్టుకి చాపలాగా పేరుకుంది. పక్క ఊళ్ళ నించి బళ్ళు కట్టుకొచ్చి మరీ చూశారమ్మా జనం! అప్పటి నించి ఆ బాబుకి వెనకాల పేరు తేలిన నారు బాబుగారనే. మొన్న ఎలక్షన్లలో కూడా గోడ మీద రాశారు."

వరసంతా విరగబడి నవ్వింది. జీవరత్నం ఒళ్ళంతా పులకరించింది. లండన్ ఫ్యాక్టరీ పిల్లలు మిషను వేగాన్ని పాటలో పెట్టి తిట్టారు. ఈ ఆడవాళ్ళు అడిగినంత వేగమూ ఇచ్చేసి, ఆ వేగంతోనే ఆసామి మడిని ముంచేశారు. మాటల్లో ఎవరూ పట్టుకోలేని తిట్టు అది. తను స్టేజీ మీద తన గొంతు అనుకుని అరిచింది ఈ ముప్ఫై నలభై గొంతుల్ని!

"మరి మేం పాడిన వేగం సరిగ్గా అదేనా అమ్మా?" అని ఆత్రంగా అడిగింది.

"అదా? నీది నిదానం" అంది సంపూర్ణమ్మ.

జాన్‌బాబు మొహం మాడిపోయింది. "నిదానమా! అంతోని చేతులు బొబ్బలెక్కాయండీ!"

"పాడు" అని తల్లి తెరేసమ్మకు సైగ చేసింది. తెరేసమ్మ తొడ మీద చరుస్తూ ఎత్తుకుంది. రెండో చుట్టుకి వరసంతా కలిసింది. మూడో చుట్టుకి మాటలు ఒకదానిలో ఒకటి దూరిపోయి, ముంచు ఒంచు గొడుగు గంట అంతా ఒకే ఉరుములా అయిపోయింది. జాన్‌బాబు నారు కట్ట మీద వేళ్ళతో తాళం పట్టుకోబోయి, దారి తప్పి, మళ్ళీ పట్టుకోబోయి, చేతులెత్తేశాడు.

"వేగం పెంచింది ఎవరమ్మా? నువ్వేనా?"

సంపూర్ణమ్మ గొంతు తగ్గింది. "పాట ఎత్తుకుంది నేను. వేగం ఎత్తుకునేదాని చేతిలో ఉండదు. గట్టు మీద చప్పట్లు ఎవరు కొడితే వాళ్ళ చేతిలో ఉంటది."

"ఆ రోజు ఎవరు కొట్టారు?"

"ఒంగు. చెయ్యి ఆపబాక."

ఆమె ఆ మాట అంటుండగానే కాలవ గట్టు మీద తెల్ల అంబాసిడర్ కారు వచ్చి ఆగింది. డ్రైవరు పక్క సీట్లోంచి రామకోటేశ్వరరావు గారు దిగారు. ఇస్త్రీ పంచె, చేతికి బంగారు గడియారం, కణతల దగ్గర నెరిసిన జుట్టు. వెనక సీట్లో ఎవరో పెద్దావిడ కూర్చుని ఉంది. కంటాసుపత్రికి బయలుదేరారు కాబోలు, కళ్ళకు నల్లద్దాలున్నాయి.

"ఇక్కడే ఉన్నావా, సంగీత విద్వాంసురాలా" అన్నారాయన జీవరత్నాన్ని చూసి. "మంచిదే. తల్లీకూతుళ్ళు ఒకే చోట దొరికారు."

"నమస్కారమండి" అంది జీవరత్నం.

ఆయన సంపూర్ణమ్మ వైపు తిరిగారు. "ఇన్నేళ్ళ నించి అడుగుతున్నా. ఆ రోజు పాట ఎవరు ఎత్తుకున్నారని మా నాన్న అడిగాడు, నేను అడిగాను. అందరూ తెల్దంటే తెల్దన్నారు. నీ కూతురు మైకులో చెప్పింది. నువ్వేనా?"

బాబుగారూ అని తెరేసమ్మ ఏదో అనబోయింది. సంపూర్ణమ్మ చేత్తో ఆపింది.

"నేనేనండి."

ఆయన కోపంగా అరుస్తారనుకుంది జీవరత్నం. ఆయన గొంతు మాత్రం కిందికి దిగింది.

"మర్నాడు పొద్దున్నే మా నాన్న నన్ను ఆ మడి గట్టు మీదికి లాక్కెళ్ళి, మీ అందరి ముందూ చెంప మీద కొట్టాడు. ఇరవై రెండేళ్ళోణ్ణి. మళ్ళీ ఆయన చచ్చేదాకా నా చేతికి ఒక్క మడి ఇవ్వలా. మిల్లు నేను కట్టుకున్నా, పేరు నేను తెచ్చుకున్నా. మొన్న హాల్లో ఆ పాట వినగానే చెయ్యి చెంప మీదికి పోయింది. పక్కన మునిసిపల్ కమిషనరు కూర్చుని ఉన్నాడు."

జీవరత్నానికి ఆయన మీద జాలి కలిగింది. అది నిలిచేలోపే ఆయన గొంతు మారిపోయింది.

"ఆదివారం హాల్లో సగం మంది డెల్టా వాళ్ళే ఉంటారు. ఆ పాట ఆ వేగంతో వింటే ప్రతివాడికీ గుర్తొస్తుంది. మెల్లగా పాడతారా, మీ అమ్మాయికి రేడియోలో అవకాశం ఇప్పిస్తాను. లేదంటే ఈ కాలవ కింద ఏ ఆసామీ నీ ముఠాని ఊడుపుకి పిలవడు. ఈ ఏడే కాదు, ఏ ఏడూ. బసవయ్యకి ఇప్పుడే చెప్తాను, మడి మధ్యలోనే లేచిపోతారు."

ఊడుపులు పోతే ముఠాలో ఏ ఇంట్లోనూ ఏడాదంతా గింజలుండవు. జీవరత్నానికి తెలుసు. ఇంతమంది తిండికి అడ్డుపడి తను పాడాల్సిన పాటా అది? నేను మెల్లగానే పాడతానండీ అని చెప్పేయాలని నోరు తెరిచింది.

"పాడతాది" అంది సంపూర్ణమ్మ. "ఇంకా జోరుగా పాడతాది. ఇది నేర్చుకుంది నిదానం, నేను సరిచేశా."

"అమ్మా!"

"నువ్వూరుకో. నాట్లు వెయ్యటానికి కాలవలింకా ఉన్నాయి. గుడివాడ పక్కకి పోతాం. ఏలూరు పక్కకి పోతాం. ఏమే తెరేసా?"

"కైకలూరు పోతాం!" అంది తెరేసమ్మ. "బస్సెక్కి పోతాం, షోగ్గా!"

రామకోటేశ్వరరావు గారి మొహం కందిపోయింది. వేలు చూపించి ఏదో అనబోయారు.

"కోటీ!"

కారు వెనక డోరు తెరుచుకుంది. నల్లద్దాల పెద్దావిడ, ఆయన తల్లి సీతారావమ్మ గారు, డోరు పట్టుకుని ఒక కాలు గట్టు మీద పెట్టింది. చెప్పు జారితే దాన్ని అక్కడే వదిలేసి రెండో కాలు కూడా కిందికి దించింది.

"అమ్మా, నువ్వు దిగబాక! బురద."

"బురద నాకు కొత్తేంట్రా? దాన్నెందుకు బెదిరిస్తావు? అది పాట ఎత్తుకుంది, అంతే. చప్పట్లు కొట్టింది నేను."

రామకోటేశ్వరరావు గారు తల్లి చెప్పింది చెవికెక్కనట్టు చూశారు.

"నువ్వు… మజ్జిగ తెచ్చావు ఆ రోజు."

"తెచ్చా. మజ్జిగ కుండ దించి, పాలేరుని పక్కకి తప్పుకోమని, చప్పట్లు నేనందుకున్నా. ఎంత వేగం పెంచితే నారు తేలుతుందో నాకు తెలుసు. పుట్టింట్లో నేనూ నాట్లేశా. మీ నాన్నకి తెలియదు, నీకసలే తెలియదు." ఆమె నల్లద్దాలు తీసి, పొర కమ్మిన కళ్ళను చిట్లించి, మడిలో ఆకారాల్ని వెతికింది. "సంపూర్ణా, ఉన్నావుటే? ఇన్నేళ్ళూ నా పేరు చెప్పకుండా తిట్లు తిన్నావు. ఇంక చాలు."

"అమ్మగారూ, తవరు కారెక్కండి" అంది సంపూర్ణమ్మ. ఇంతసేపూ బెసకని ఆమె గొంతులో కంగారు మొదలయింది. "ఎండెక్కుద్ది."

"ఎక్కను. ఏదీ, ఆ పాడే పిల్ల ఏదీ?"

జీవరత్నం బురద కాళ్ళతోనే గట్టెక్కి ఆమె దగ్గరికి వెళ్ళింది. ముసలావిడ ఆమె చెయ్యి తడిమి పట్టుకుంది. వేళ్ళకు అంటిన బురదను తన వేళ్ళతో రుద్ది చూసింది.

"పాటకి ముందు దాని పుట్టుక చెప్పే అలవాటంటగా మీకు. మంచి అలవాటు. నువ్వు సగమే చెప్పావు. మిగతా సగం ఆదివారం నేను చెప్తాను. నన్ను మైకు కాడికి తీసికెళ్ళు."

"అమ్మా!" రామకోటేశ్వరరావు గారి అరుపుకి కాలవ అవతలి కొంగలు లేచాయి. "ఆదివారం అక్కడ మైకూ ఉండదు, స్టేజీ ఉండదు! హాలుకి తాళం వేయిస్తాను!"

జీవరత్నానికి ఎక్కడి నుంచి వచ్చిందో అంత ధైర్యం. "మైకు సెట్టు మా బాలశౌరిదేనండి" అంది. "హాలు లేకపోతే జంక్షన్‌లో లారీ మీద కడతాం గొట్టాలు. అక్కడైతే నాలుగు రోడ్లకీ వినబడుద్ది."

"అట్టా చెప్పు!" అని జాన్‌బాబు నారు కట్టను బంతిలా ఎగరేసి, పట్టుకోలేక బురద మొహాన పడేసుకున్నాడు.

రామకోటేశ్వరరావు గారు విసురుగా వెళ్ళి కారెక్కి డోరు దడాలున వేసుకున్నారు. డ్రైవరు పెద్దావిడ వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి ఇంజను స్టార్టు చేశాడు. సీతారావమ్మ గారు అటు తిరిగి కూడా చూడలేదు.

"ఇంతకీ అమ్మాయ్, ఆ రోజు అంత తొందర ఎందుకొచ్చిందో మీ అమ్మ చెప్పిందా?"

"తెలీదందండి."

"తెలుసు దానికి."

"అమ్మగారూ, వద్దు." సంపూర్ణమ్మ మడిలోంచి గట్టు మీదికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఊడుపు పోతుందంటే చలించని మనిషి, చేతులు జోడించింది. "పిల్లకి ఆ మాట వద్దు. తవరికి దణ్ణం పెడతా."

"ఎన్నాళ్ళు దాస్తావే? నా కళ్ళు పోతున్నాయి. నోరు పోకముందే చెప్పనీ." సీతారావమ్మ గారు జీవరత్నం చెయ్యి వదల్లేదు. "ఆ రోజు మజ్జానం సర్వే వాళ్ళు వస్తున్నారు. వాళ్ళొచ్చేసరికి మడి మా ఊడుపుతో పచ్చగా కనబడితే మా సాగులో ఉన్నట్టే రాసుకుపోతారు. వచ్చారు, చూశారు, మర్నాడు వచ్చి రాసుకుంటామని బసకి పోయారు. మర్నాడు వచ్చి చూస్తే అక్కడ ఉత్త నీళ్ళున్నాయి. అది మా మడి కాదు తల్లీ. ఏనాడూ మాది కాదు. మీ నాన్న పుల్లయ్యది. నారు తేలబట్టి కాగితాల్లో ఇవాళ్టికీ మీదే."

కదలబోతున్న కారు ఆగింది. దడాలున వేసుకున్న డోరు మళ్ళీ తెరుచుకుంది.